కత్తెర పెట్టని బట్ట

మొన్న ఉగాది వెళ్ళాక నా దుకాణం తాళంచెవి రజియా చేతిలో పెట్టేశాను. ఈ మధ్య నా కళ్ళు సూదికి రెండు బెజ్జాలు చూపిస్తున్నాయి. ఉన్న ఒక్క బెజ్జంలోకే దారం పోని వయసులో రెండు బెజ్జాలతో నేనేం చేసుకోను? అందుకే మిషన్ దిగిపోయాను. రజియా డిజైనింగ్ కోర్సు చేసిన పిల్ల. చేతిలో పని ఉంది, నోట్లో మాట ఉంది. తాళంచెవి తీసుకుంటూ ఒక్కటే అడిగింది.

"ఆంటీ, కుట్టుడు నాకొస్తది. గా గిరాకోళ్ళను ఎట్ల పట్టాలె, ఇంటిని ఎట్ల పట్టాలె, గది జర రాసియ్యరాదు?"

రాసిస్తున్నాను. పది పాసై ఆగిపోయినదాన్ని, షాద్‌నగర్‌లో లేడీస్ టైలర్‌గా బతికినదాన్ని, కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతకొద్దు. రజియాకే కాదు, పైన ఆఫీసరు లేడని సంబరపడుతూ సొంత పని మొదలుపెట్టే పిల్లలందరికీ ఇది. పెండ్లిండ్లకు ఫోటోలు తీసేవాళ్ళు, ఇంట్లోనే కేకులు చేసి అమ్మేవాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడివాళ్ళ పనో చేసిపెట్టేవాళ్ళు, అందరూ నాకు ఒకటే జాతిలా కనిపిస్తారు. పని ఎట్లా చేయాలో నేను చెప్పను. పని ఎప్పుడు ఆపాలో చెప్తాను. కుట్టడం కంటే అదే నాకు ఆలస్యంగా వచ్చింది.

ఖాజా మాస్టర్ కత్తెర

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. పెండ్లయి షాద్‌నగర్ వచ్చాను. మా ఆయన నర్సింహ ఇక్కడ ఒక కంపెనీలో షిఫ్టుల మీద పని చేసేవాడు. మా బిడ్డ మంజుల అంగన్‌వాడీకి పోవడం మొదలుపెట్టాక నేను ఖాజా మాస్టర్ దగ్గర పనికి కుదిరాను. ఆయన రజియాకు తాత. ఆడవాళ్ళ జాకెట్టుకు ఊరంతా మెచ్చుకునే చేయి ఆయనది. బక్కపలచని మనిషి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "రేపు రా అమ్మా."

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం కుట్టడం కాదు, కత్తెర పెట్టడం. ఎవరైనా బట్ట తేగానే, వాళ్ళు గడప దిగకముందే, బల్ల మీద పరిచి కర్రుమని కోసేయాలి. కుట్టేది ఎప్పుడన్నది తర్వాతి సంగతి.

"గిదెందుకు మాస్టర్, ఇయ్యాల కుట్టేది లేదు గదా?" అని అడిగాను.

"అరె బిడ్డా, జర సోంచాయించు. బట్ట నిండుగుంటే రేపు ఇంకో దుకాణానికి నడుసుకుంట పోతది. కత్తెర వడ్డదనుకో, ఇగ కాలిరిగిన కోడే. యాడికి పోతది? మన గంప కిందనే ఉంటది."

నేను పడీపడీ నవ్వాను. ఎంత తెలివి అనుకున్నాను. ఈ ఒడుపు మా పనిలో అందరికీ తెలుసు. బండ్లు బాగుచేసేవాళ్ళు కూడా అంతే, బండి రాగానే నట్లు విప్పి కింద పోస్తారు, ఇక గిరాకీ చేజారదు. కానీ కోసిన ప్రతి బట్టా ఇచ్చిన మాటలాంటిదే. మాటలన్నీ కుప్పగా పోసి దాని మీద మనమే కూర్చుంటే ఇక దిగడానికి దారి ఉండదు. ఇది మాస్టర్ చెప్పలేదు. ఆయనకూ తెలియదనుకుంటాను, తెలిస్తే ఆయనే దిగేవాడు.

రంజాన్‌కు ఊరందరికీ కొత్తబట్టలు కుట్టి, తను మాత్రం పాత కుర్తాకు ఇస్త్రీ చేసుకుని ఈద్గాకు పోయేవాడు. ఆయన భార్య, మేమందరం అమ్మీజాన్ అనేవాళ్ళం, ఒక రోజు అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"పోయిన పండుగకు ఇచ్చిన నా బట్ట గట్లనే మూటల ఉన్నది. ఊరోళ్ళ బట్టలకేమో గడప దిగకముందే కత్తెర వెడ్తవు, నా బట్టకు ఎందుకు వెట్టవు?"

"నువ్వు యాడికి పోతవు?" అన్నాడు మాస్టర్ తల ఎత్తకుండా.

"గంతేనా? అయితే నేను గూడ ఇంకో దుకాణానికి నడుసుకుంట పోత, అప్పుడు ఎరుకైతది నీకు!"

దుకాణమంతా గొల్లుమంది. మాస్టర్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. సొంత పని పెట్టుకున్నవాళ్ళు ఎవరు పోతారో అని భయపడి వాళ్ళ పని ముందు చేస్తారు. ఎటూ పోనివాళ్ళను మూటగట్టి అటక మీద పెడతారు. ఇంట్లోవాళ్ళు ఎటూ పోరు కదా, అదే వాళ్ళు చేసిన పాపం.

నా దుకాణం, నా ఇష్టం

తెలంగాణ వచ్చిన యేడాదే నేను సొంత దుకాణం పెట్టాను. స్టేషన్‌కు పోయే దారిలో ఒక మల్గి కిరాయికి దొరికింది. ఒక్క గది, రోడ్డు మీదికి షట్టర్, లోపల మిషన్, బల్ల, గోడకు అద్దం. నర్సింహ షట్టర్ ముందు కొబ్బరికాయ కొట్టి నాకు దీవెన ఇచ్చాడు.

"ఇగ నువ్వే ఓనరువు, నువ్వే పనిదానివి. సెలవు గావాలంటె నీకు నువ్వే దండం వెట్టుకో."

దండాలు చాలా పెట్టుకున్నాను. నా ఓనరు కరగలేదు. ఖాజా మాస్టరన్నా ఆదివారం సగం పూట వదిలేవాడు, నేను నన్ను అది కూడా వదలలేదు. పైన ఒక ఆఫీసరు లేకపోవడమంటే వచ్చిన ప్రతి గిరాకీ ఒక ఆఫీసరని నాకు మెల్లగా తెలిసింది.

మా పనిలో అందరూ అబద్ధాలాడతారు. ఇది దాచేది కాదు. ఆదివారం పెండ్లి ఉంటే గురువారమని చెప్తుంది గిరాకీ, నేను ఎట్లాగూ ఆలస్యం చేస్తానని. ఆమె ముందుకు జరిపి చెప్తుందని తెలుసు కాబట్టి నేను శనివారం వరకు ముట్టను. గురువారం ఆమె వస్తుంది, తిడుతుంది. నేను "రేపు" అంటాను. శుక్రవారం మళ్ళీ తిడుతుంది. అసలు పెండ్లి నాడు జాకెట్టు అందుతుంది, ఇద్దరం నవ్వుకుంటూ విడిపోతాం. ఎవరికీ నష్టం లేదు అనిపిస్తుంది గానీ, ఆ రాకపోకలకూ తిట్లకూ సర్దిచెప్పడాలకూ పోయిన పొద్దును కుట్టు మీద పెడితే ఇంకొక జాకెట్టు అయ్యేది. అబద్ధానికి కూడా టైం పడుతుంది పిల్లలూ. అందరికంటే ఎక్కువ టైం తినేది అదే.

ఇక ఫోన్. వాట్సాప్ వచ్చాక జాకెట్టు వీపుల ఫోటోలు అన్నం తింటుంటే వస్తాయి, తలంటుకుంటుంటే వస్తాయి. "అక్కా, గిట్ల గావాలె, కానీ గిట్ల కాదు" అని ఒకామె పంపేది. ఇప్పటికీ అర్థం కాలేదు ఆమెకు ఎట్లా కావాలో.

బతుకమ్మ పండుగ వచ్చిందంటే నా సంగతి చెప్పొద్దు. మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజు సద్దుల దాకా మల్గిలో కాలు పెట్టే జాగా ఉండేది కాదు. ఆ రోజుల్లో సర్కారు చీరెలు కూడా పంచేవాళ్ళు, ప్రతి ఇంటి నుంచి ఒక జాకెట్టు గుడ్డ అదనంగా వచ్చేది. మా కాలనీ ఆడవాళ్ళందరూ సద్దుల నాడు నేను కుట్టిన జాకెట్లు వేసుకుని, మైదానంలో బతుకమ్మలు పేర్చి ఆడేవాళ్ళు. పాట నా మల్గి దాకా వినిపించేది. ఎవరికో హుక్కులు కుడుతూ నేను లోపల కూర్చునేదాన్ని.

నాకు బతుకమ్మ అంటే ప్రాణం. పెండ్లికి ముందు మా ఊళ్ళో పాట ఎత్తుకునేది నేనే, మిగతా పిల్లలు నా వెంట ఉయ్యాలో అనేవాళ్ళు. దుకాణం పెట్టినప్పటి నుంచి ఒక్క సద్దుల నాడు కూడా నేను ఆ చుట్టులో అడుగు పెట్టలేదు. నా బిడ్డకు నేను పాడతానని కూడా తెలియదు. పక్కింటివాళ్ళతో పంపించేదాన్ని. ప్రతి యేడూ పోయే ముందు షట్టర్ కింద నిలబడి అడిగేది.

"ఈసారన్న వస్తవా అమ్మా?"

"వస్త బిడ్డా, నువ్వు నడువు, గిది అయిపోంగనే వస్త."

అందరికీ చెప్పినట్టే నా బిడ్డకు కూడా "రేపు" చెప్పేదాన్ని. తేడా ఏమంటే, అందరూ తిట్టేవాళ్ళు, మంజుల తిట్టేది కాదు.

నీళ్ళ సంగతి

మధ్యలో ఇది చెప్పకపోతే తప్పవుతుంది, ముఖ్యంగా ఆడపిల్లలకు. నా మల్గికి బాత్రూం లేదు. రోడ్డు మీద చాలా మల్గిలకు ఉండదు. అందుకని పొద్దంతా నీళ్ళు తాగేదాన్ని కాదు. చివరికి నడుంలో నొప్పి పుట్టి దవాఖానకు పోతే, మూత్రపిండంలో రాయి ఉందని డాక్టరమ్మ కోప్పడింది. నర్సింహకు ఫికర్ ఎక్కువైతే జోకులు వస్తాయి.

"మీ మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగితె బొక్కలు వంగుతయని భయపడ్డరు. గీడ మంచి నీళ్ళొస్తాంటె తాగుతలెవ్వు. నీకు ఏ నీళ్ళు గావాలె, గులాబ్ జలా?"

మల్గి వెనక ఇంటి పెద్దమ్మతో మాట్లాడి వాళ్ళ బాత్రూం వాడుకునే ఏర్పాటు చేసుకున్నాను. మొదటి రోజే అడిగి ఉండాల్సింది. అడగడానికి సిగ్గుపడి రాయిని పెంచుకున్నాను. కాబట్టి జాగా చూసేటప్పుడు గిరాకీ బాగా తిరిగే రోడ్డా అని చూసే ముందు, నువ్వు మనిషిలా కూర్చోగలవా అని చూసుకో. ఇంట్లోనే పని పెట్టుకున్నవాళ్ళు నన్ను చూసి నవ్వొద్దు. మీ పొయ్యి దగ్గరికే గిరాకీ వచ్చి నిలబడుతుంది, మీ సంగతి నాకంటే అధ్వాన్నం.

నెమలీ మామిడిపిందే

మంజుల ఏడో తరగతి చదివే యేడు అందరికీ చిలకపచ్చ పిచ్చి పట్టింది. ఎవరు మూట విప్పినా చిలకపచ్చే. నేను మాస్టర్ శిష్యురాలిని కదా, వచ్చినదాన్ని వచ్చినట్టు కోసి పడేశాను. వీపులు ఒక దిక్కు, చేతులు ఒక దిక్కు, బల్ల నిండా పచ్చటి కుప్ప. చిలకలకు కూడా అన్ని రెక్కలు ఉండవు.

సద్దుల నాటి సాయంత్రం నేను ఎప్పటిలాగే హుక్కులు కుడుతున్నాను. మంజుల మైదానం నుంచి ఉరికొచ్చింది, నవ్వుకు ఊపిరి ఆడటం లేదు.

"అమ్మా, అమ్మా! ఇందిర టీచర్‌కు ఒక చేతి మీద నెమలున్నది, ఒక చేతి మీద మామిడిపిందున్నది! లక్ష్మక్కకు గూడ గంతే!"

ఇందిర టీచర్ మంజుల బడిలోనే పాఠాలు చెప్పేది, నా పాత గిరాకీ. ఆమె మాట మీద టీచర్లందరూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. లక్ష్మి కంపెనీలో పని చేసే పిల్ల. టీచరమ్మ జాకెట్టు చేతుల అంచుకు జరీ నెమళ్ళు, లక్ష్మి దానికి జరీ మామిడిపిందెలు. చెరొక చేయీ తారుమారు చేసి కుట్టాను. తొందరలో తొడుక్కున్నారేమో ఇంట్లో చూసుకోలేదు. మైదానంలో వంగి చప్పట్లు కొడుతుంటే రెండు చేతులూ పక్కపక్కకు వచ్చాయి, గుట్టు బయటపడింది.

"నవ్వుతానవా? నా పరువు వోయె!" అన్నాను.

మంజుల నవ్వు ఆపింది. నన్ను ఒకసారి చూసి, మెల్లగా అంది.

"నువ్వు ఆడ ఉంటె నువ్వే అందరికంటె ముందు చూస్తుంటివి. అందరి చేతులు నువ్వే కుడ్తవు. ఒక్కలు చప్పట్లు కొడ్తుంటె గూడ నువ్వు చూడవు."

కోపంతో అన్నది కాదు. ఉన్నమాట చెప్పింది, మళ్ళీ ఆటకు ఉరికింది. నేను హుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. పరువు పోయినందుకు కాదు.

దసరా నాడు ఇద్దరూ జాకెట్లు పట్టుకుని కలిసే వచ్చారు. లక్ష్మి ముఖమంతా నవ్వే.

"అక్కా, టీచరమ్మ చెయ్యి నాకొచ్చింది. ఇగ నాక్కూడ ఇంగ్లీషు వస్తదా?"

టీచరమ్మ కోప్పడలేదు. "మార్చి కుట్టియ్యి భాగ్యా, తొందర లేదు," అంది. అంత మంచి మాట అంటే మనిషికి ఇంకా సిగ్గేస్తుంది. ఆ అప్పు మనసులో పెట్టుకున్నాను, దాని సంగతి ముందు ముందు వస్తుంది.

మేకులు

పండుగ వెళ్ళాక మల్గిలో కూర్చుని ఆలోచించాను. కోసి పెట్టిన బట్ట వెనక్కి ఇవ్వలేను. వెనక్కి ఇవ్వలేనివే ఇంత కుప్ప ఉంటే ఇంక నా చేతిలో ఏముంది? నా పొద్దంతా ఎప్పుడో కోసేసి పెట్టాను. లోపం నా చేతి వేగంలో లేదు, మాస్టర్ నేర్పిన మొదటి పాఠంలోనే ఉంది.

నర్సింహతో గోడకు వరుసగా మేకులు కొట్టించాను. ఒక్కొక్క మేకు ఒక్కొక్క దినం. బట్ట వస్తే కోయను. ఆది జాకెట్టుతో, అంటే కొలతకు ఇచ్చే పాతదానితో కలిపి సంచిలో పెట్టి, దాని వంతు వచ్చే దినం మేకుకు తగిలిస్తాను. ఆ దినం పొద్దున్నే కత్తెర పెడతాను, సాయంత్రానికి కుట్టి ఇస్తాను. ఒక మేకుకు ఒక దినంలో కుట్టగలిగినన్నే సంచులు. అవి నిండితే ఆ దినం నిండినట్టే. గిరాకీ నా ముఖం చూసి బేరమాడే పని లేదు, గోడను చూస్తే సరిపోతుంది. నచ్చకపోతే నిండు బట్ట చంకలో పెట్టుకుని పోవచ్చు.

ఆదివారానికి మేకు లేదు. "గోడ గట్టిగున్నది, ఆడ దిగుతలేదు," అన్నాడు నర్సింహ, దొంగ మొహం. పక్కనే రెండు మేకులు వెన్నలో దిగినట్టు దిగాయి.

మొదటి రోజుల్లో భయంతో చచ్చాను. కొంతమంది గోడ చూసి, మూతి తిప్పి, బట్ట తీసుకుని పోయారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. పిలుద్దామా అని నోటి దాకా వచ్చేది. నర్సింహనే ధైర్యం చెప్పాడు. "ఉరికి పాలు తాగేకంటె నిలబడి నీళ్ళు తాగుడు మేలంటరు. నీకు డాక్టరమ్మ గూడ నీళ్ళే తాగమన్నది గదా," అన్నాడు. పోయినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు, అది నిజం. ఉన్నవాళ్ళు మాత్రం మెల్లగా అబద్ధాలు మానేశారు. నేను చెప్పిన దినానికి ఇస్తుంటే ఆదివారం పెండ్లిని గురువారమని చెప్పి వాళ్ళకేం లాభం?

నేను మొదట్లో ఒక తప్పు చేశాను. ప్రతి మేకునూ నిండా నింపేశాను. ఒక దినం కరెంటు పోయింది, ఇంకో దినం మంజుల బడిలో మీటింగు వచ్చింది, వెనక మేకులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పటి నుంచి ప్రతి మేకుకూ కొంచెం వెలితి ఉంచాను. జాకెట్టుకు లోపల కుట్టు వదులుతాం కదా, మనిషి కాస్త ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. దినానికి కూడా అట్లాగే వదలాలి.

ఖాజా మాస్టర్‌కు సంగతి తెలిసి చూడడానికి వచ్చాడు. గోడ ముందు చేతులు వెనక కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"గిది దుకాణమా, బట్టలారేసే దండెమా? కోళ్ళన్నిటిని గంప లేపి ఇడిసినవు గద బిడ్డా!"

"పొద్దుగూకితె ఇంటికొచ్చే కోళ్ళే నాకు చాలు మాస్టర్."

"పాగల్," అని తల ఊపుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఒక రంజాన్‌కు ముందు మళ్ళీ వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు. "బిడ్డా, గా మేకులు ఎంత దూరం దూరం కొట్టిచ్చినవు?" ఆ పండుగకు అమ్మీజాన్ కొత్త సూట్‌లో నాకు సేమియా తెచ్చి ఇచ్చింది. రజియా, మీ ఇంట్లో గోడకు తుప్పు పట్టిన మేకులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా?

నా మల్గిలో మేకులు నీకు అట్లాగే వదిలేశాను. ఉంచుకుంటావో, పీకి ఫోన్‌లో ఇంకేదో పెట్టుకుంటావో నీ ఇష్టం. మేకు ముఖ్యం కాదు. నిండిందని ఒప్పుకోవడం ముఖ్యం.

సద్దుల మేకు

మేకులు కొట్టిన తర్వాత మొదటి బతుకమ్మ పండుగ వచ్చింది. ఎంగిలిపూల కంటే ముందే మంజుల వచ్చి, సద్దుల దినం మేకుకు ఒక సంచి తగిలించింది. అందులో నా చీరె ఉంది, పసుపు రంగుది, కొని పెట్టెలో పెట్టినది. దాని మీద జాకెట్టు అంతకుముందు దినమే కుట్టుకున్నాను, నా బట్టకు నేను కత్తెర పెట్టడం అదే మొదటిసారి.

"గీ మేకు మా అమ్మది," అని మంజుల వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను నవ్వాను గానీ లోపల నాకే నమ్మకం లేదు.

సద్దుల ముందు రోజు పొద్దుగూకే వేళకు ఇందిర టీచర్ వచ్చింది. చేతిలో కొత్త పట్టుచీరె, మడత విప్పని జాకెట్టు గుడ్డ.

"భాగ్యా, మా ఆడిబిడ్డ ఇయ్యాలనే తెచ్చిచ్చింది. రేపు కట్టుకోవాలె." గోడ దిక్కు చూసింది. "గా మేకు ఖాళీగనే ఉన్నది గదా, ఒక్కటే సంచి."

నా చేయి దానంతట అదే కత్తెర మీదికి పోయింది. నెమలి చేయి తారుమారైన నాడు ఈమె నన్ను ఒక్క మాట అనలేదు. ఈమె పోతే వెనక ఎందరు పోతారో నాకు తెలుసు. ఒక్క జాకెట్టే కదా, పొద్దున్నే కూర్చుంటే అయిపోదా? ప్రతి యేడూ ఇదే అనుకున్నాను. ఆ ఒక్కదాని వెనక ఇంకొకటి వస్తుంది, దాని వెనక పాట మొదలవుతుంది.

గడపలో మంజుల నిలబడి ఉంది, చేతుల నిండా గునుగు పువ్వు. వస్తవా అని ఈసారి అడగలేదు. నా చేయినే చూస్తోంది.

కత్తెర బల్ల కింది అరలో పెట్టేశాను.

"మేడం, గా మేకు నాది," అన్నాను.

"నీదంటే?"

"రేపు పగటికే షట్టర్ దించుత. మా బిడ్డతోటి ఆటకు పోత. పండుగ ఎల్లినంక మీది ముందుగాల కుడ్త."

టీచరమ్మ మేకును ఇంకోసారి చూసింది. గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను స్టూల్ మీద కూర్చున్నాను. మంజుల వచ్చి, గునుగు పువ్వు నా ఒళ్ళో పోసి, నా మెడ పట్టుకుంది. "అమ్మా, నీకు బతుకమ్మ పేర్చొస్తదా?" అని అడిగింది. వచ్చో రాదో చూపించాను. గునుగు, తంగేడు, బంతి, వరుస మీద వరుస, మంజుల మోకాలి ఎత్తు లేపాను. నర్సింహ చుట్టూ తిరిగి చూసి, "గిది బయటికి పోవాలంటె మన షట్టర్ ఎత్తు సరిపోదు," అన్నాడు.

మరునాడు పగటికి షట్టర్ దించాను. తాళం వేసి రెండడుగులు పోయి, మళ్ళీ వచ్చి లాగి చూశాను. మంజుల నా కొంగు పట్టి గుంజుకుపోయింది.

మైదానంలో చుట్టులో నిలబడ్డాక చూశాను, నా ముందు నేను కుట్టిన వీపులన్నీ వరుసగా కదులుతున్నాయి. బల్ల మీద పరిచినప్పుడు అవి గుడ్డలే. ఇక్కడ వంగుతున్నాయి, లేస్తున్నాయి, నవ్వుకు కదులుతున్నాయి. ఎంత బాగున్నాయో! నాకు నేనే మెచ్చుకున్నాను, ఎవరైనా మెచ్చుకునేదాకా ఆగే ఓపిక లేదు. మొదటి అడుగులు తడబడ్డాను. "కుడి కాలు ముందుగాల అమ్మా," అంది మంజుల. తర్వాత కాళ్ళకు గుర్తొచ్చింది. గొంతుకూ గుర్తొచ్చింది. పాట ఎవరూ ఎత్తుకోకుండా ఒక్క క్షణం ఆగితే నేనే ఎత్తుకున్నాను. చుట్టంతా ఉయ్యాలో అంది. మంజుల చప్పట్లు మరిచిపోయి నోరు తెరిచి నన్నే చూసింది.

సరిగ్గా నా ముందు ఇందిర టీచర్ ఉంది. కొత్త పట్టుచీరె, దాని మీద పోయినేటి చిలకపచ్చ జాకెట్టు, రెండు చేతులకూ నెమళ్ళే. బాగానే నప్పింది. లక్ష్మి ఆమె పక్కన మామిడిపిందెలతో ఎగురుతోంది. వంగి లేచేటప్పుడు టీచరమ్మ వెనక్కి తిరిగి, నవ్వుతూ నా చెవిలో అంది.

"భాగ్యా, గుడ్డ నా సంచిలనే ఉన్నది. ఆట అయిపోంగనే జర షట్టర్ లేపి కత్తెర వెడ్తవా?"

"దసరా ఎల్లినంక తేండ్రి మేడం," అన్నాను. "గిప్పుడైతె చప్పట్లు కొట్టున్రి, లయ తప్పుతాంది."

టీచరమ్మ ముందుకు తిరిగి బుద్ధిగా చప్పట్లు కొట్టింది.